డెల్టాలో పూల్ టూర్: రెండు ఊళ్లతో మొదలుపెట్టి ఆరు ఊళ్లకు పెంచే పద్ధతి

ఒక ఊళ్లో పూల్, అంటే బల్ల మీది బంతులను క్యూ కర్రతో జేబుల్లోకి కొట్టే ఆట, టోర్నమెంటు జరపడం పెద్ద కష్టమేమీ కాదు. పార్లర్ యజమాని ఒప్పుకుని, నలుగురు మిత్రులు పూనుకుంటే, కూడలిలో ఒక ఫ్లెక్సీ కట్టి ఆదివారం నాడు ముగించేయవచ్చు. టెన్నిస్ బంతి క్రికెట్, కబడ్డీ, నాటక పోటీలు నడిపిన అనుభవం మన గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉంది. టూర్ నడపడం మాత్రం వేరు. ఒకే నియమావళితో, ఒకే పాయింట్ల పట్టికతో వేర్వేరు ఊళ్లలో వరుసగా జరిగి, ఏడాది చివర ఫైనల్స్‌తో ముగిసే పోటీల మాలికను టూర్ అంటాము. టోర్నమెంటుకు పేరు తెచ్చేది గెలిచినవాడైతే, టూర్‌ను నిలబెట్టేది ఓడినవాడు. పదహారు మంది వస్తే పదిహేను మంది ఓడిపోయే ఇంటికి వెళతారు. వారిలో అందరికంటే ముందు ఓడినవాడు వచ్చేసారి మళ్లీ బస్సెక్కుతాడా లేదా అన్నదాని మీదే టూర్ పెరగడమో ఆగిపోవడమో ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే ఏర్పాట్లన్నీ ఆ ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసుకున్నవే.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నేను మొట్టమొదట నడిపిన పోటీలో బహుమతి మొత్తం పెద్దగా ప్రకటించాము. రెండు టేబుళ్ల మీద ముప్పై రెండు మందిని తీసుకుని నేరుగా నాకౌట్ పెట్టాము. రాజోలు వైపు నుంచి రెండు బస్సులు మారి, చించినాడ వంతెన దాటి వచ్చిన ఒక కుర్రవాడు మధ్యాహ్నం దాకా తన వంతు కోసం ఎదురుచూసి, ఇరవై నిమిషాల్లో ఓడిపోయి, తనతో వచ్చిన మిత్రుడి ఆట ముగిసేదాకా గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఆ రాత్రి ఫైనల్ పన్నెండు దాటాక ముగిసింది. ఆ కుర్రవాడు మళ్లీ రాలేదు. అతణ్ని రప్పించలేకపోయిన లోపం ఆటలో లేదు, మా ఏర్పాటులో ఉంది.

ముందుగా టేబుళ్లు చూడాలి

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం, తణుకు, తాడేపల్లిగూడెం, పాలకొల్లు వంటి పట్టణాల్లో పార్లర్లను ఎంచుకునే ముందు చేతిలో ఒక టేపు, ఒక చిన్న తూకం యంత్రం పట్టుకుని స్వయంగా వెళ్లి రావాలి. ఫోనులో యజమాని చెప్పే మాటను బట్టి నిర్ణయించకూడదు. తొమ్మిది అడుగుల పూల్ టేబుల్‌కు కుషన్ (చుట్టూ ఉండే రబ్బరు గట్టు) అంచు నుంచి కుషన్ అంచు వరకు ఆడే స్థలం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉండాలి; ఎనిమిది అడుగుల టేబుల్ అయితే సాధారణంగా 88కి 44. రెండు కొలతల టేబుళ్లను ఒకే పోటీలో కలపకపోవడం మంచిది, ఎందుకంటే చిన్న టేబుల్ మీద గెలిచి పెద్ద టేబుల్ మీద ఓడినవాడు తన ఓటమిని తనదిగా ఒప్పుకోడు, ఒప్పుకోవలసిన అవసరమూ లేదు.

బంతుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, బరువు సుమారు 156 నుంచి 170 గ్రాములు. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లే. పార్లర్లలో తరచుగా జరిగేదేమిటంటే, సెట్టులోని వైట్ బాల్ (క్యూతో కొట్టే తెల్ల బంతి) పోయినప్పుడో పగిలినప్పుడో మరో సెట్టు నుంచి ఒకటి తెచ్చి పెట్టేస్తారు. చూపుకు తేడా తెలియదు గాని, బరువు తక్కువైన వైట్‌తో ముందుకు దొర్లించడం, వెనక్కి లాగడం రెండూ తప్పుతాయి. అందుకే వైట్‌ను, సెట్టులోని మరో రెండు బంతులను తూచి చూడాలి. టేబుల్ మట్టం చూడటానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. బంతిని చివరి అడుగులో ఆగిపోయేంత నెమ్మదిగా నాలుగు వైపులా దొర్లించి, ఆగే ముందు ఎటు ఒరుగుతుందో గమనిస్తే చాలు. ఒరిగితే కాళ్ల కింద సరిచేయించుకోవాలి. సరిచేయడానికి ఒప్పుకోని యజమాని దగ్గర పోటీ పెట్టకూడదు.

మన ప్రాంతపు గాలిలోని తేమ ఆటను మారుస్తుంది. వానాకాలంలో, అందులోనూ కాకినాడ, నరసాపురం వంటి సముద్రానికి దగ్గరి ఊళ్లలో, గుడ్డ చెమ్మ పట్టి బంతి తొందరగా ఆగిపోతుంది. పోటీకి గంటకు పైగా ముందే ఏసీ వేయించి, గుడ్డను ఒకే దిక్కుగా బ్రష్ చేయించి, బంతులన్నింటినీ పొడిగుడ్డతో తుడిపించాలి. చెమట చేతులకు ఆటగాళ్లు పౌడరు రాసుకోవడం మనవైపు బాగా అలవాటు. ఆ పౌడరు గుడ్డలోకి దిగి తేమతో కలిసిన చోట బంతి తడబడుతుంది కనుక, పౌడరు వద్దని ముందే చెప్పి, ప్రతి టేబుల్ దగ్గరా రెండు తువ్వాళ్లు పెట్టడం మేలు. గ్లవ్ ఉన్నవారు దాన్నే వాడుకుంటారు.

తేదీలు, దారులు

డెల్టాలో క్యాలెండరును పంటలు, పండుగలు, నది కలిసి రాస్తాయి. సంక్రాంతి వారం పూర్తిగా వదిలేయాలి. ఆ రోజుల్లో ఎవరూ పూల్ కోసం ఊరు దాటరు. దాళ్వా (రబీ వరి) కోతలు సాగే ఏప్రిల్‌లోనూ, సార్వా (ఖరీఫ్ వరి) కోతలు సాగే నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు మధ్య వరకూ పల్లెల నుంచి వచ్చేవారికి తీరిక ఉండదు. మార్చి ఇంటర్ విద్యార్థుల పరీక్షల నెల. జూలై, ఆగస్టు గోదావరి వరదల నెలలు. 1986 ఆగస్టు వరదనూ 2022 జూలై వరదనూ చూసినవారెవరూ ఆ నెలల్లో లంక గ్రామాల ఆటగాళ్లను ప్రయాణం చేయమని అడగరు. ఇవన్నీ తీసేస్తే ఫిబ్రవరి, మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మొదటి వారం మిగులుతాయి. ఏడాదికి ఆరు పోటీలు, డిసెంబరు చివరి ఆదివారం ఫైనల్స్. మొదటి ఏడాదికి ఇంతకంటే ఎక్కువ వద్దు. ఈ ఆరు తేదీలనూ జనవరిలోనే ప్రకటించి, ఒకసారి ప్రకటించిన తర్వాత వరద వస్తే తప్ప మార్చకూడదు. ఆటగాడు పెళ్లికి వెళ్లాలో పోటీకి రావాలో తేల్చుకోవడానికి తేదీ ముందుగానే తెలియాలి.

పటం మీద దగ్గరగా కనిపించే ఊళ్లు నది వల్ల దూరమవుతాయి. నరసాపురం, సఖినేటిపల్లి ఎదురెదురుగా ఉన్నా మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ ఉంది. పంటు (నది దాటించే పడవ) నడిచినంతసేపే ఆ దారి, అది ఆగితే చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. అమలాపురం వారికి యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ అందుతుంది, రావులపాలెం మీదుగా తణుకు అందుతుంది. భీమవరానికి చించినాడ వంతెన మీదుగా వెళ్లాలి. కాబట్టి పోటీ ముగింపు వేళను నిర్ణయించేది ఫైనల్ కాదు, దూరపు ఆటగాడి ఆఖరి బస్సు. ఆ వేళ కనుక్కుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి. మేము ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి బ్రేక్ (ఆట మొదలుపెట్టే తొలి షాట్) కొట్టించి, సాయంత్రం ఆరు దాటకుండా ముగించేలా చూస్తాము. ఇందులో పార్లర్‌కూ లాభం ఉంది. ఆదివారం ఉదయం టేబుళ్లు ఎలాగూ ఖాళీగా ఉంటాయి, సాయంత్రం రద్దీకి తిరిగి యజమాని చేతికి వస్తాయి. ఇలా విడమరచి చెబితే అద్దె తగ్గించడానికి చాలామంది ఒప్పుకుంటారు.

పదహారు మందికి ముప్పై ఒక్క మ్యాచ్‌లు

మొత్తం ఏర్పాటులో ఎక్కువ ఆలోచించవలసిన చోటు ఇది. నాకౌట్ పద్ధతిలో పదహారు మందికి పదిహేను మ్యాచ్‌లు చాలు గాని, ఎనిమిది మంది ఒక్క మ్యాచ్ ఆడి వెళ్లిపోతారు. రెండుసార్లు ఓడితేనే బయటికి పంపే డబుల్ ఎలిమినేషన్‌లో 30 లేదా 31 మ్యాచ్‌లు పడతాయి, ప్రతివారికీ కనీసం రెండు మ్యాచ్‌లు దక్కుతాయి. మూడో దారి గ్రూపులు. నలుగురేసి చొప్పున నాలుగు గ్రూపులు చేస్తే, ఒక్కో గ్రూపులో ఆరు మ్యాచ్‌ల చొప్పున 24, ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు ముందుకు వెళ్తే క్వార్టర్ ఫైనల్స్ 4, సెమీ ఫైనల్స్ 2, ఫైనల్ 1, మొత్తం 31. అంటే డబుల్ ఎలిమినేషన్‌కు పట్టే సమయంలోనే ప్రతి ఒక్కరికీ కనీసం మూడు మ్యాచ్‌లు దొరుకుతాయి. రాజోలు కుర్రవాడికి నేను ఇవ్వలేకపోయినవి ఆ మూడు మ్యాచ్‌లే. కొత్త టూర్‌కు గ్రూపుల పద్ధతే సరైనదని నా గట్టి నమ్మకం.

ఇక సమయం. మూడు ఫ్రేములు (మ్యాచ్‌లోని ఒక్కో ఆట) ముందుగా గెలిచినవాడు విజేత, అంటే బెస్ట్ ఆఫ్ ఫైవ్, అని పెడితే ఎయిట్ బాల్ (తన గుంపు బంతులన్నీ వేసి చివర ఎనిమిదో నంబరు వేసేవాడు గెలిచే ఆట) మ్యాచ్‌కు మన స్థాయి ఆటగాళ్లకు సగటున అరగంట పడుతుంది. 31 మ్యాచ్‌లకు 930 నిమిషాలు. రెండు టేబుళ్ల మీద 465 నిమిషాలు, అంటే ఏడుముప్పావు గంటలు. తొమ్మిదిన్నరకు మొదలైతే ఐదుంబావుకు ముగియాలి. చివర ఫైనల్ వేళకు ఒక టేబుల్ ఖాళీ అవుతుంది కనుక మరో పావుగంట కలుపుకోవాలి. అదే ముప్పై రెండు మందిని అవే రెండు టేబుళ్ల మీద ఇదే పద్ధతిలో ఆడిస్తే పదిహేను గంటలు దాటుతుంది. కాబట్టి ఒక టేబుల్‌కు ఎనిమిది మంది అన్నది లెక్క: రెండు టేబుళ్లుంటే పదహారు మంది, నాలుగుంటే ముప్పై రెండు మంది. పదిహేడో ఎంట్రీ అడిగినవారికి కాదని చెప్పి, వచ్చే పోటీలో మొదటి పేరుగా రాసుకోవాలి. డబ్బు వస్తోంది కదా అని కలుపుకుంటే ఆ రోజు పాడవుతుంది.

డ్రా ముందురోజు రాత్రి ఎనిమిదింటికల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మొదటి పోటీకి చీటీలు తీయాలి, తర్వాతి పోటీల నుంచి పాయింట్ల పట్టికలో మొదటి నలుగురిని నాలుగు గ్రూపుల్లో విడివిడిగా పెట్టి, మిగిలినవారికి చీటీలు తీయాలి. ఒకే ఊరి నుంచి కలిసి వచ్చినవారు ఒకే గ్రూపులో పడకుండా చూడవచ్చు గాని, ఆ సంగతి ముందే నియమంగా రాసి ఉండాలి. రాయకుండా చేస్తే అది పక్షపాతంగానే కనిపిస్తుంది.

ఒకే నియమావళి

ప్రతి పార్లర్‌లో ఇంటి నియమాలు ఉంటాయి. ఒకచోట ఫౌల్‌కు రెండు షాట్లు ఇస్తారు. మరోచోట వైట్‌ను గీత వెనకనే పెట్టమంటారు. ఇంకోచోట బ్రేక్‌లో ఎనిమిదో నంబరు పడితే ఫ్రేము గెలిచినట్టే అంటారు. టూర్‌కు ఇవేవీ పనికిరావు. ప్రపంచ పూల్ సమాఖ్య ప్రామాణిక నియమాలనే తీసుకుని, మన ఆటగాళ్లకు అవసరమైనంత వరకు తెలుగులో ఒక పేజీలో రాసి, ప్రతి టేబుల్ దగ్గరా గోడకు అంటించాలి. బ్రేక్ తర్వాత ఫౌల్ అయితే ప్రత్యర్థి వైట్‌ను టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బ్రేక్‌లో ఏ బంతీ పడకపోతే కనీసం నాలుగు బంతులు కుషన్‌కు తగలాలి. బ్రేక్‌లో ఏ బంతి పడినా టేబుల్ ఓపెన్‌గానే ఉంటుంది. తన గుంపు ప్లెయిన్సా (ఒకే రంగు బంతులు) స్ట్రైప్సా (చారల బంతులు) అన్నది ఆ తర్వాత చెప్పి వేసిన బంతితోనే తేలుతుంది. సరైన బ్రేక్‌లో ఎనిమిదో నంబరు పడితే అది గెలుపూ కాదు ఓటమీ కాదు, బ్రేక్ చేసినవాడు దాన్ని మళ్లీ స్పాట్ మీద పెట్టించి ఆడవచ్చు లేదా తిరిగి బ్రేక్ చేయవచ్చు. బంతులు పేర్చేటప్పుడు ఎనిమిది మధ్యలో, కింది రెండు మూలల్లో ఒకటి ప్లెయిన్ ఒకటి స్ట్రైప్, అన్నీ ఒకదానికొకటి ఆని ఉండాలి. ట్రయాంగిల్ ఎత్తాక సన్నని సందు కనిపించినా మళ్లీ పేర్పించమని అడిగే హక్కు బ్రేక్ చేసేవాడిది.

గొడవలు ఎక్కువగా డబుల్ హిట్ దగ్గర వస్తాయి. వైట్‌కూ ఆడవలసిన బంతికీ మధ్య చాక్ ముక్క పట్టేంత ఎడం కూడా లేదనుకోండి. ఆటగాడు నేరుగా ముందుకు కొడితే, వైట్ ఎదుటి బంతిని తాకి ఆగే లోపే క్యూ కొన దాన్ని రెండోసారి తాకుతుంది. కన్ను ఆ రెండు తాకిడులను పట్టుకోలేదు. వైట్ నడకను మాత్రం పట్టుకోగలదు. తగిలిన బంతి వెంటే వైట్ కూడా దాదాపు అంతే వేగంతో ముందుకు వెళ్లిపోయిందంటే డబుల్ హిట్ జరిగినట్టు. తగిలిన చోట ఒక్క క్షణం నిలిచి తర్వాత కదిలితే సాధారణంగా సరైన షాటే. అలాంటి షాట్ ఆడబోతున్నప్పుడు ప్రత్యర్థి ముందే ఆపి, మూడో మనిషిని పిలిచి పక్క నుంచి చూడమనాలి. షాట్ అయ్యాక పిలిస్తే ఆటగాడి మాటే చెల్లుతుంది. ఈ రెండు వాక్యాలను నియమావళిలో పెద్ద అక్షరాలతో రాయించిన తర్వాత మా పోటీల్లో వాదనలు బాగా తగ్గాయి. నిర్వాహకుడు ఆ రోజు ఆడకపోవడం ఉత్తమం. తన మ్యాచ్ మధ్యలో వేరే టేబుల్ తగవు తీర్చేవాడి తీర్పును ఎవరూ మనస్ఫూర్తిగా అంగీకరించరు.

బలవంతుడూ కొత్తవాడూ

రోజుకు నాలుగు గంటలు ఆడేవాడితో నెలకు రెండుసార్లు ఆడేవాణ్ని సమానంగా నిలబెడితే కొత్తవాడు మూడు మ్యాచ్‌లూ ఓడి, డబ్బు దండగ అనుకుంటాడు. అమెరికాలో వాడుకలో ఉన్న ఫార్గో రేటింగులో ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే, బలమైనవాడు రెండు ఫ్రేములు గెలిచేసరికి రెండోవాడు ఒకటి గెలుస్తాడని లెక్క. అయితే ఒక ఆటగాడి రేటింగు స్థిరపడినట్టు అక్కడ లెక్కించడానికి 200 ఫ్రేముల నమోదు కావాలి. మన టూర్‌లో ఒకరు పోటీకి సుమారు పదిహేను ఫ్రేముల చొప్పున ఆడినా ఆ సంఖ్యకు చేరడానికి రెండేళ్లు దాటుతుంది. అందాకా మూడు శ్రేణులు చాలు: మ్యాచ్ గెలవడానికి ఏ శ్రేణివాడు మూడుకు బదులు నాలుగు ఫ్రేములు, బీ శ్రేణివాడు మూడే, సీ శ్రేణివాడు రెండే గెలవాలి. సెమీ ఫైనల్ చేరిన సీ ఆటగాడు బీకి, ఫైనల్ చేరిన బీ ఆటగాడు ఏకి మారతాడు. కావాలని తగ్గి ఆడి కింది శ్రేణిలో ఉండిపోయేవారు ప్రతిచోటా ఉంటారు; వారిని పట్టించేది స్కోరు కాగితం ఒక్కటే. ప్రతి ఫ్రేమునూ రాసి, ఇద్దరి చేతా సంతకం పెట్టించి, కరెంటు పోయినా పోని విధంగా కాగితం మీదే భద్రపరచాలి.

పాయింట్లు సులభంగా ఉండాలి. విజేతకు 100, రన్నరప్‌కు 75, సెమీస్‌కు 50, క్వార్టర్స్‌కు 30, మిగిలినవారికి 15. ఆరు పోటీల్లో మెరుగైన నాలుగే లెక్కలోకి వస్తాయి, కాబట్టి చెల్లెలి పెళ్లికో చేపల చెరువు పట్టుబడికో ఒక పోటీ మానుకున్నవాడు వెనకబడిపోడు. ఫైనల్స్‌కు మొదటి పదహారు మంది వస్తారు. చివరివారికి ఇచ్చే ఆ 15 పాయింట్లను తక్కువగా చూడకూడదు. నాలుగు పోటీలకు వచ్చి అన్నింటా గ్రూపులోనే ఆగిపోయినవాడికి 60 పాయింట్లు ఉంటాయి, ఫైనల్స్ అతనికి అందుబాటులోనే ఉంటాయి.

డబ్బు, పేరు

ఉదాహరణకు ఎంట్రీ రూ. 300 అనుకుంటే పదహారు మందికి రూ. 4,800. రెండు టేబుళ్లకు ఎనిమిది గంటలు, గంటకు రూ. 150 చొప్పున రూ. 2,400 అద్దె పోతుంది. మిగిలిన సగంలో రూ. 1,800 బహుమతులకు, రూ. 600 ఫైనల్స్ నిధికి. ఈ లెక్కను పోటీ రోజే గోడ మీద అంటించాలి. దాతలను అడగదలిస్తే నగదుకంటే వస్తువు అడగడం మేలని నా అభిప్రాయం. మేత దుకాణమో మొబైల్ షాపో ఒక మంచి బంతుల సెట్టు కొనిస్తే, అది ఊరూరా తిరిగి ఏడాదంతా అందరికీ ఒకే బంతులతో ఆట దొరుకుతుంది.

పందేల విషయంలో మెతకదనం పనికిరాదు. కోడి పందేల మీదా పేకాట మీదా డబ్బు కాయడం చూసి పెరిగిన ప్రాంతం మనది, కాబట్టి టేబుల్ పక్కన నిలబడి మ్యాచ్ మీద పందెం కాసేవారు తప్పకుండా వస్తారు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం గురించి గోడ మీద రాసి, పందెం కాసినవారిని ఆటగాడైనా ప్రేక్షకుడైనా ఆ రోజే బయటికి పంపాలి. పొగ కూడా అంతే. 2008 నుంచి బహిరంగ ప్రదేశాల్లో ధూమపానం నిషేధమే. పార్లర్ అంటే చాలా ఇళ్లలో ఇప్పటికీ మంచి అభిప్రాయం లేదు. పదహారేళ్ల అమ్మాయినో అబ్బాయినో వెంటబెట్టుకుని వచ్చిన తండ్రి తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసే మొదటి చూపులోనే ఆ పిల్లల రాక తేలిపోతుంది. ఆయన కూర్చోవడానికి కుర్చీ, శుభ్రమైన మరుగుదొడ్డి, వెలుతురు, మర్యాదగా మాట్లాడే మనుషులు కనబడాలి.

కొత్త ఊరిని ఎప్పుడు కలపాలి

మొదటి ఏడాది రెండు ఊళ్లే, మూడేసి పోటీలు. రెండో ఏడాది మూడో ఊరు. పార్లర్ యజమాని పిలిచాడని ఏ ఊరినీ కలపకూడదు. ఆ ఊరి నుంచి ఆరుగురు ఆటగాళ్లు వరుసగా మూడు పోటీలకు వచ్చినప్పుడు కలపాలి. ఆ ఆరుగురిలో ఒకరు ఊరి బాధ్యుడిగా ఉండి టేబుళ్లు చూడటం, బస్సు వేళలు కనుక్కోవడం, కొత్తవారిని పలకరించడం చేపట్టాలి. నిట్ ఉన్న తాడేపల్లిగూడెంలోనూ, ఇంజినీరింగ్ కళాశాలలున్న భీమవరంలోనూ ఆటగాళ్లు త్వరగా పోగవుతారు గాని నాలుగేళ్లకు చదువు ముగించి వెళ్లిపోతారు. అక్కడ బాధ్యుడిగా స్థానికంగా వ్యాపారమో ఉద్యోగమో చేసుకునేవారిని పెట్టుకోవాలి.

నాలుగు ఊళ్లు అయ్యాక రాష్ట్ర సంఘంతో మాట్లాడవచ్చు. భారత బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య జాతీయ పోటీల్లో ఎయిట్ బాల్, నైన్ బాల్, టెన్ బాల్ విభాగాలున్నాయి. రాష్ట్ర ఎంపికల వరకు వెళ్లగల ఆటగాడికి మన స్కోరు కాగితాలు చేతిలో ఆధారంగా ఉంటాయి. అమెచ్యూర్ అన్న మాటను చిన్నచూపు చూసేవారికి, 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ దేశానికి తెచ్చిన ప్రపంచ బిలియర్డ్స్ కిరీటం కూడా అమెచ్యూర్‌దేనని గుర్తు చేయాలి. ఎంపికలకు వెళ్లదలచినవారి కోసం మూడో ఏడాది నుంచి రెండు పోటీలను నైన్ బాల్‌గా మార్చవచ్చు. ఆ ఆట తొందరగా ముగుస్తుంది కనుక మ్యాచ్‌కు ఒక ఫ్రేము పెంచినా సమయం సరిపోతుంది.

పోటీ ముగిసిన రాత్రి పని ఇంకా మిగిలే ఉంటుంది. స్కోరు కాగితాలు ఫోటో తీసి, పాయింట్ల పట్టిక మార్చి, పదహారు పేర్లూ కనిపించేలా గ్రూపులో పెట్టాలి. విజేత ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకోకూడదు. ఆ తర్వాత, గ్రూపులో మూడు మ్యాచ్‌లూ ఓడిన వారికి ఒక్కొక్కరికీ విడిగా ఫోను చేసి, క్షేమంగా ఇల్లు చేరారో లేదో అడిగి, వచ్చే పోటీ తేదీ చెప్పి, పేరు రాసుకోమంటారా అని అడగాలి.